దయ, పాపం, హక్కు: వేమన పద్యం, శ్రీశ్రీ గేయం, 2007 చట్టం – ఒక పరిశీలన

తెలుగు సాహిత్యంలోని వృద్ధ పాత్రలపై విమర్శ చాలావరకు కరుణరసం దగ్గరే ఆగిపోతుంది. వృద్ధులను జాలికి పాత్రులుగా చూడడం వేరు, హక్కుకు కర్తలుగా చూడడం వేరు. ఈ భేదం దృష్ట్యా రెండు ప్రసిద్ధ రచనలను, ఒక చట్టాన్ని కలిపి చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

తల్లిదండ్రుల పట్ల దయలేని కొడుకును పుట్టలోని చెదలతో పోల్చిన పద్యం వేమన పేరిట బడిపిల్లలందరికీ కంఠస్థం. వేమన సమాధి ఉన్న కటారుపల్లె, పెన్న ఒడ్డున ఉన్న రొద్దం నేడు ఒకే జిల్లాలో, శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. పద్యంలోని నింద తీవ్రమైనదే. కానీ వాక్య నిర్మాణాన్ని గమనిస్తే కర్త కొడుకు. తల్లిదండ్రులు అతని దయకు ఆలంబన మాత్రమే. దయ చూపకపోతే కొడుకు జన్మ వ్యర్థమవుతుంది, సరే. తల్లిదండ్రులకు దక్కేదేమిటన్నది పద్యం పరిధిలో లేదు. కూతురి ప్రసక్తి అసలే లేదు.

శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ ఈ చట్రాన్ని బద్దలు కొట్టింది. దారిపక్కన చెట్టు కింద కూర్చున్న ముసలమ్మకు గేయంలో కొడుకూ లేడు, కోడలూ లేదు. ఆమె మరణిస్తే పాపం ఎవరిదని అడిగేది గాలి. కుక్క ఏమీ అనలేకపోతుంది, తొండ తప్పుకుంటుంది, ఎంగిలాకు తనది కాదంటుంది. మనుషులెవరూ ఆ ప్రశ్నకు ఎదురుపడకపోవడమే గేయంలోని అసలైన అభియోగమని నా అభిప్రాయం. బాధ్యత కుటుంబం నుంచి సమాజానికి మారింది. అయినా ఇక్కడి పదం ‘పాపం’, హక్కు కాదు. అవ్వ ఇక్కడా మాట్లాడదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ఈ కర్తృత్వాన్ని తిరగవేసింది. 60 ఏళ్లు నిండిన వ్యక్తి స్వయంగా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చేతకాకపోతే మరొకరి ద్వారానైనా అర్జీ పెట్టుకోవచ్చు. బాధ్యులలో కొడుకుతో పాటు కూతురు, మనవడు, మనవరాలు ఉన్నారు. భరణానికి చట్టం విధించిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు.

రొద్దం వంటి మెట్ట ప్రాంతంలో, పిల్లలు బెంగళూరు పనులకు తరలిపోయే పల్లెల్లో, కీలకమైనది 23వ సెక్షన్. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి రద్దు చేయించుకోవచ్చు. ఇందుకు రొద్దం రైతు వెళ్లవలసింది పెనుకొండ రెవెన్యూ డివిజనల్ అధికారి వద్దకు. చిక్కంతా ‘షరతు’ అన్న మాటలో ఉంది. మన దానపత్రాల భాష ప్రేమాభిమానాల భాష. బిడ్డకు పొలం రాసిస్తూ “నాకు అన్నం పెట్టాలి” అని రాయించడం తండ్రికి నామోషీ. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరే ఉదారదృష్టితో అన్వయించాలన్నది. ఒక పత్రాన్ని చదవడంలో అక్షరమా, సందర్భమా అన్న వివాదం సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. ఇక్కడ మాత్రం ఆ పఠనం మీద ఒక ముసలి రైతు కూడు ఆధారపడి ఉంది.

ఇక శ్రీశ్రీ అవ్వ సంగతి. సంతానం లేనివారు ఈ చట్టం కింద అడగగలిగేది తమ ఆస్తిని అనుభవిస్తున్న, లేదా వారసత్వంగా పొందబోయే బంధువును మాత్రమే. ఆస్తి లేని అవ్వకు ప్రతివాదే ఉండడు. దిక్కులేని 150 మందికి చోటుండే వృద్ధాశ్రమం జిల్లాకు ఒకటైనా ఉండాలన్న 19వ సెక్షన్‌లో క్రియ ‘నెలకొల్పవచ్చు’ అనే ఉంది, ‘నెలకొల్పాలి’ అని కాదు. వార్ధక్యంలో ప్రభుత్వ సహాయాన్ని పేర్కొన్న రాజ్యాంగ 41వ అధికరణం ఆదేశిక సూత్రం. దాని ఆధారంగా కోర్టుకెక్కే వీలు లేదు. మిగిలింది పింఛను. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 4,000 రూపాయలు. జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల వరకు 200, ఆపైన 500.