డబ్బా మూత తీయకముందే

చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దిగి నారాయణగూడ వైపు నడిచినా, అశోక్‌నగర్ సందుల్లోకి తిరిగినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, లేడీస్ హాస్టళ్ల బోర్డులు, వాటి మధ్యలో ‘రీబాండింగ్, స్మూతనింగ్, కెరాటిన్’ అని రాసిన పార్లర్ బోర్డులు కనిపిస్తాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు, రెడ్డి ఉమెన్స్ కాలేజీ పిల్లలు, పెళ్లి కుదిరినవాళ్లు అక్కడికి పట్టుకొచ్చే ప్రశ్న ఒక్కటే. ఈ రింగుల జుట్టు పర్మనెంట్‌గా సాఫు చేయించుకోవాలా, వద్దా?

చాలా పార్లర్లలో దీనికి జవాబు రేటు కార్డు మీద ఉంటుంది. భుజాల దాకా ఇంత, నడుము దాకా ఇంత. ఈ సందుల్లోనే రెండు కుర్చీలు, ఒక బేసిన్ ఉన్న చిన్న పార్లర్ నడిపే ఒకావిడ దగ్గర మాత్రం రేటు మాట చివర్లో వస్తుంది. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆవిడ పనితనంలో నాకు నచ్చినదానిలో చాలా భాగం క్రీమ్ డబ్బా మూత తీయకముందే జరిగిపోతుంది.

అమ్మాయి కుర్చీలో కూర్చోగానే ఆవిడ దువ్వెన అందుకోరు. జడ విప్పించి, వేళ్లతో పాయలు విడదీస్తూ ప్రశ్నలు మొదలుపెడతారు. “మెహందీ పెట్టినవా బిడ్డా? ఆకు నూరిందా, ప్యాకెట్‌దా? నల్లదా?” “హాస్టల్‌ల బోరు నీళ్లా, మంజీరానా?” పిచ్చాపాటీలా వినిపిస్తుంది కానీ ప్రతి ప్రశ్నకూ పనుంది. ప్యాకెట్ మెహందీల్లో కొన్నింట్లో లోహపు లవణాలు కలుపుతారు. రీబాండింగ్ చివర్లో రాసే న్యూట్రలైజర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే వేడి పుట్టి జుట్టు పాడవుతుంది. బోరు నీళ్ల సున్నం వెంట్రుక మీద పొరకడితే క్రీమ్ ఒకచోట ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా ఇంకుతుంది. ఇంతకుముందు కలర్ కోసం బ్లీచ్ చేయించుకున్న జుట్టయితే మందును గబుక్కున తాగేస్తుంది.

తర్వాత మెడ వెనక నుంచి ఒక వెంట్రుక, చెవి పక్క నుంచి ఒక వెంట్రుక తీసి, తడిపి, రెండు చేతుల వేళ్ల మధ్య మెల్లగా లాగి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న తడి వెంట్రుక దాదాపు మూడో వంతు సాగి, వదలగానే మళ్లీ తన పొడవుకు వస్తుంది. అలసిపోయినది పాకం తీగలా సాగి అలాగే ఉండిపోతుంది, లేదా పుటుక్కున తెగుతుంది. అలా తెగితే ఆ రోజు క్రీమ్ మాట ఉండదు. కొసల దగ్గర ఇంకోసారి చూస్తారు. జుట్టు నెలకు రమారమి ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నడుము దాకా ఉన్న జడ కొస ఐదారేళ్ల కిందటిది. మాడు దగ్గరిది ఈ నెలది. ఒకే వెంట్రుకలో ఇంత వయసు తేడా ఉన్నప్పుడు పై నుంచి కింద దాకా ఒకే మందు, ఒకే సమయం ఎలా కుదురుతుంది?

ఇంత జాగ్రత్త ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది కాస్త చెప్పుకోవాలి. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. దాని పోగులను పక్కపక్కన కట్టి ఉంచేవి గంధకపు బంధాలు. ఇంట్లో ఇస్త్రీ పెట్టి తిన్నగా చేసుకున్న జుట్టు తలస్నానం చేయగానే మళ్లీ రింగులు తిరగడానికి కారణం, ఒట్టి వేడికి ఈ బంధాలు తెగకపోవడమే. రీబాండింగ్ క్రీమ్‌లోని థయోగ్లైకోలేట్ వాటిలో కొన్నింటిని తెంచుతుంది. అలా వదులైన పోగులను ఐరన్‌తో తిన్నగా పరిచాక న్యూట్రలైజర్ ఆ కొత్త వరుసలోనే మళ్లీ ముడివేస్తుంది. ఇదే జాతి మందుతో 1940ల నుంచి తిన్నని జుట్టును కడ్డీలకు చుట్టి పర్ములు వేశారు. 1990ల్లో జపాన్ వాళ్లు దానికి ఇస్త్రీ జోడించి రింగులు పోగొట్టే పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చారు. ఇంకో సంగతి చెబితే చాలామంది ఉలిక్కిపడతారు. కాళ్ల మీది వెంట్రుకలు పోవడానికి రాసుకునే క్రీముల్లోనూ ఉండేది థయోగ్లైకోలేటే, కాకపోతే అక్కడ క్షారం ఇంకా ఘాటు. జుట్టు తిన్నబడటానికీ కరిగిపోవడానికీ మధ్య ఉన్న తేడా మందు ఘాటు, నిమిషాలు, పట్టే చేయి. అంతే.

ఆ నిమిషాలను ఆవిడ గడియారానికి పూర్తిగా అప్పగించరు. గోళ్లు తగలకుండా షాంపూ చేసి, జుట్టును నాలుగు భాగాలు చేసి, మెడ దగ్గర నుంచి పైకి సన్నటి పాయలుగా బ్రష్‌తో క్రీమ్ పెడతారు. మాడుకు ఓ సెంటీమీటరు ఎడం వదులుతారు, పాత కొసలకు చివర్లో రాస్తారు. కాసేపయ్యాక ప్రతి భాగంలోంచి రెండు మూడు వెంట్రుకలు తీసి, క్రీమ్ తుడిచి, తోక దువ్వెన కాడకు చుట్టి వదులుతారు. స్ప్రింగులా ఎగిరితే ఇంకా కాలేదని లెక్క. చుట్టిన వంపులోనే బద్ధకంగా నిలిస్తే నీళ్లు పట్టాల్సిందే. మెడ దగ్గరి పాయలు సిద్ధమై నడినెత్తి ఇంకా కాకపోతే, మెడ దగ్గరివి ముందే కడిగేస్తారు. ఒకే తలను విడతలుగా కడగడం శ్రమ, నీళ్ల ఖర్చు. ఎవరూ గమనించని ఈ పనికే నేను మొదట మార్కులు వేస్తాను.

ఐరన్ పట్టేముందు జుట్టు పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే ఆ నీరు వెంట్రుక లోపలే ఆవిరై బుడగలు కట్టి, వెంట్రుక అక్కడే విరుగుతుంది. పాయ ఎంత పలచగా ఉండాలంటే అవతల వేళ్లు కనిపించాలి. ప్లేట్లు మొదలు నుంచి కొస దాకా ఆగకుండా జారాలి. మధ్యలో క్షణం ఆగినా అక్కడ గీత పడుతుంది, న్యూట్రలైజర్ ఆ గీతను కూడా నిజాయితీగా పర్మనెంట్ చేసేస్తుంది! నాలుగైదు గంటలు పట్టే ఈ పనిలో సగం సమయం ఇస్త్రీకే పోతుంది. కుర్చీలో అమ్మాయి కరెంట్ అఫైర్స్ పుస్తకం తిరగేస్తుంటే, వెనక ఆవిడ మణికట్టు ఒకే వేగంతో దిగుతూ ఉంటుంది.

బోర్డు మీద పక్కపక్కనే ఉన్నా కెరాటిన్ ట్రీట్‌మెంట్ వేరే కథ. అది గంధకపు బంధాల జోలికి పోదు, కొన్ని నెలల్లో దిగిపోతుంది. తేలికైనదని చాలామంది అటు మొగ్గుతారు కానీ ఆ రకం మందుల్లో కొన్ని వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లోనే క్యాన్సర్ కారకంగా తేల్చింది. దాని బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ యాసిడ్ రకంతో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ ఒక యువతికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని 2024లో ఫ్రాన్స్ వైద్యులు రాశారు. కళ్లు మండే ఏ పొగనూ ఆవిడ తన గదిలోకి రానివ్వరు. “ఆ పిల్ల ఒక్కసారి పీలుస్తది, నేను రోజూ పీల్వాలె” అన్నారు.

ఆవిడ వద్దని తిప్పి పంపేవాళ్లలో నాట్యం నేర్చుకునే పిల్లలుంటారని నేను అనుకోలేదు. త్యాగరాయ గానసభ ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరం, కూచిపూడి ప్రదర్శనలకు కొదవ లేదు. భామాకలాపంలో సత్యభామకు జడే సగం పాత్ర. రీబాండింగ్ చేసిన జుట్టు మీద సవరం జారుతుంది, జడకుప్పెలు నిలవవు, పూలచెండు కిందికి దిగుతుంది. రింగుల జుట్టుకున్న పట్టు అప్పుడు గుర్తొస్తుందంటారావిడ.

అన్ని పరీక్షలూ దాటిన జుట్టుకు కూడా చివరి ప్రశ్న ఒకటుంటుంది. “జాబొచ్చినంక ఏ జిల్లాల పడ్తవో. ఊరికి పోతే టచప్ ఎవరు చేస్తరు?” ఆరు నెలలకు మొదళ్ల దగ్గర ఆరేడు సెంటీమీటర్ల కొత్త రింగులు వస్తాయి. మందు పెట్టాల్సింది ఆ మేరకే. పాత భాగం మీద రెండోసారి క్రీమ్ పడితే సరిగ్గా పాత, కొత్త జుట్టు కలిసే అతుకు దగ్గరే అది తెగుతుంది. ఈ ప్రశ్న దగ్గర కొందరు లేచి, కొసలు కత్తిరించుకుని వెళ్లిపోతారు. కూర్చున్నవాళ్లకు పనయ్యాక ఆవిడ మూడు రోజుల నియమాలు చెబుతారు: నీళ్లు తగలొద్దు, క్లిప్పు వద్దు, రబ్బరుబ్యాండు వద్దు, చెవి వెనక్కి తోయొద్దు. తర్వాత నోటుబుక్కులో ఏ క్రీమ్, ఏ భాగానికి ఎన్ని నిమిషాలు, ఐరన్ వేడి ఎంత, మాడు నుంచి ఎంత ఎడం వదిలిందీ రాసి, ఊళ్లో చేసేవాళ్లకు చూపించమని ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకోమంటారు.