యాదృచ్ఛిక పుట: గుణదోష విచారణ

విజ్ఞాన సర్వస్వములో ఒక విషయమును వెదకబోయి, దారిలో ఎదురైన వేరొక విషయమును చదువుచు కూర్చొనుట పుస్తకప్రియులకు పాత అలవాటే. కొమర్రాజు లక్ష్మణరావుగారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము వంటి గ్రంథములలో అకారాది క్రమమే ఇట్టి కలయికలను కల్పించెడిది. 2001 జనవరి 15న ఆంగ్లమునను, 2003 డిసెంబరులో తెలుగునను ఆరంభమైన వికీపీడియాలో ఈ పనికి ప్రత్యేకముగా ఒక మీట కలదు. దానిపేరు ‘యాదృచ్ఛిక పేజీ’. నొక్కిన ప్రతిసారియు ఏదో ఒక వ్యాసము కన్నుల ఎదుట నిలుచును.

దీని గుణమును ముందు చెప్పుట న్యాయము. పాఠ్యపుస్తకము చూపని వింతలను ఇది విద్యార్థికి చూపగలదు. హిందూ మహాసముద్రపు అడుగున, వేడినీరు చిమ్ము బిలములవద్ద 2001లో ఒక నత్త కనబడినది. దాని పాదముపైనున్న పొలుసులకు ఐరన్ సల్ఫైడు పూత కలదు. ఇట్టి వ్యాసము తటస్థపడిన బాలుడు జీవశాస్త్రమును, రసాయనశాస్త్రమును వేర్వేరు గదులలో పెట్టి చూడలేడు.

ఇక దోషములు. మొదటిది గణితమునకు సంబంధించినది. వ్యాసము పుట్టినప్పుడే దానికి 0కు, 1కి మధ్యనున్న ఒక యాదృచ్ఛిక సంఖ్య కేటాయింపబడును. మీట నొక్కినపుడు యంత్రము మరియొక సంఖ్యను తీసి, దానికి పైన మొదట తగిలిన వ్యాసమును చూపును. పైన ఏదియు లేనిచో తిరిగి మొదటినుండి చూచును. మూడే వ్యాసములుండి, వాని సంఖ్యలు 0.10, 0.20, 0.90 అనుకొందము. మూడవది నూటికి 70 మార్లు, రెండవది 10 మార్లు, మొదటిది 20 మార్లు వచ్చును. వ్యాసములు లక్షలలో ఉన్నపుడు ఈ ఎడములు మిక్కిలి చిన్నవగును గాని సమానములు కావు. కనుక అన్ని వ్యాసములకును సమానావకాశము కలదనుట సరికాదు. పదవ తరగతి సంభావ్యతకు ఇది చక్కని లెక్క.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. దక్షిణ అమెరికాలో కోఆటి అను జంతువు కలదు. దానికి ‘బ్రెజిలు ఆర్డ్‌వార్క్’ అను మారుపేరు కలదని 2008లో ఒక అమెరికా విద్యార్థి పరిహాసమునకు వికీపీడియాలో చేర్చెను. పత్రికలు ఆ పేరును నమ్మి వాడుకొన్నవి. పిమ్మట ఆ పత్రికలే ఆ మాటకు ఆధారములుగా చూపబడినవి! 2014లో గాని ఈ సంగతి బయటపడలేదు. వింత ఎంత చిన్నదైన, దానిని శంకించువారు అంత తక్కువ.

మూడవది మన ఇంటి ఉదాహరణము. ‘హీలియము గుంటూరులో కనుగొనబడినది’ అను వాక్యము ప్రశ్నపోటీలకు మిక్కిలి అనువైనది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండి చూచిన మాట నిజము. వర్ణపటదర్శినిలో సౌరజ్వాలల ప్రకాశరేఖలను చూచి, గ్రహణము లేనపుడును వానిని చూడవచ్చునని ఆయన గ్రహించి, మరునాడే చూచెను. అదే గ్రహణమును మచిలీపట్నమునుండి నార్మన్ పోగ్సన్ పరిశీలించెను. కాని ఆ పసుపుపచ్చని రేఖ సోడియము రేఖలతో కలియదని ఆ అక్టోబరు పరిశీలనలనుండి నిర్ధారించి, క్రొత్త మూలకము ఉండవలెనను తలంపునకు వచ్చినవాడు ఇంగ్లండులోని లాకియర్. భూమిపై హీలియమును 1895లో రామ్‌సే వేరుచేసెను. సోడియము జంట రేఖలు 589.0, 589.6 నానోమీటర్లవద్ద ఉన్నవి. హీలియము రేఖ 587.6 వద్ద ఉన్నది. ఆ స్వల్ప భేదమే అసలు కథ. ఒక్క వాక్యపు వింతలో అదియే జారిపోయినది.

ఈ దోషములన్నియు వికీపీడియావి కావు. పెక్కు వ్యాసముల అడుగున ‘మూలాలు’, ప్రతి వ్యాసము పైన ‘చర్చ’, ‘చరిత్ర’ అను విభాగములు కలవు. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చినది చరిత్రలో చూడవచ్చును. ముద్రిత గ్రంథమునకు ఈ సౌకర్యము లేదు. అయితే యాదృచ్ఛికపు మీట పాఠకునికి తొందర నేర్పును. మూలములదాకా పోకముందే వ్రేలు మరల మీటమీదికి పోవును.

కాబట్టి ఉపాధ్యాయులు ఈ మీటను నిషేధింపనక్కరలేదు. వారమునకొక మారు తరగతిలో నొక్కించి, వచ్చిన వ్యాసమునుండి ఒక్క వింతను ఎన్నుకొననిచ్చి, వారమంతయు దానినే పట్టుకొనునట్లు చేయవచ్చును. దీనిని మొదట ఎవరు చూచిరి? ఏ సాధనముతో కొలిచిరి? వేరొకరు సరిచూచిరా? ఈ మూడింటికి జవాబులు దొరకినచో ఆ వింతను నల్లబల్లపై వ్రాయవచ్చును. దొరకనిచో, దొరకలేదని వ్రాయుటయు పాఠమే.