‘థింగ్’: సభ నుంచి వస్తువు దాకా – వ్యుత్పత్తి వాదానికి హద్దులు

కీలక పదాలు: అర్థపరిణామం, వ్యుత్పత్తి, జర్మానిక్ భాషలు, అర్థవ్యాప్తి, హైడెగర్

1. ఉపోద్ఘాతం

ఇంగ్లీషు ‘థింగ్’, జర్మన్ ‘డింగ్’, డేనిష్, నార్వీజియన్ ‘టింగ్’ సజాతీయ పదాలు. నేడు వీటి ప్రధానార్థం ‘వస్తువు’. అయితే ఐస్‌లాండ్ శాసనసభ పేరు ‘ఆల్థింగి’, నార్వే సభ ‘స్టోర్టింగ్’, డెన్మార్క్ సభ ‘ఫోల్కెటింగ్’. సభావాచకం వస్తువాచకంగా ఎలా మారింది? ఆ తొలి అర్థాన్నే వస్తువు సారంగా గ్రహించవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా చూడవలసి ఉంది.

2. అర్థపరిణామ క్రమం

ఐస్‌లాండ్‌లో క్రీ.శ. 930 ప్రాంతంలో థింగ్‌వెల్లిర్ మైదానంలో ఆల్థింగి ఏర్పడింది. చట్టాల ప్రకటన, వివాదాల పరిష్కారం అక్కడే జరిగేవి. ఇంగ్లండులోనూ 7వ శతాబ్దపు కెంట్ రాజ్య చట్టాల్లో ఈ పదం సభను సూచిస్తుంది. సభ నుంచి అక్కడ విచారణకు వచ్చే వ్యాజ్యానికి, వ్యాజ్యం నుంచి వ్యవహారానికి, చివరకు వస్తువుకు అర్థం వ్యాపించింది. ఈ మార్గం ఈ ఒక్క పదానిదే కాదు. వ్యాజ్యాన్ని తెలిపిన జర్మన్ ‘జఖె’ విషయవాచకమైంది. లాటిన్ ‘కౌసా’ నుంచి ఫ్రెంచి ‘షోజ్’ ఏర్పడింది. డేనిష్‌లో రెండు అర్థాలూ నిలిచాయి. వాటిని లింగభేదం వేరుచేస్తుంది. వస్తువు అర్థంలో ‘టింగ్’ సామాన్యలింగం, సభ అర్థంలో నపుంసకలింగం.

3. హైడెగర్ వ్యాఖ్య – పరిశీలన

1950లో ‘డింగ్’పై చేసిన ప్రసంగంలో మార్టిన్ హైడెగర్ ప్రాచీన జర్మన్‌లోని ‘కూడిక’ అనే అర్థాన్ని ముందుకు తెచ్చాడు. కూజా వంటి వస్తువు భూమిని, ఆకాశాన్ని, దైవాలను, మర్త్యులను ఒకచోట కూర్చుతుందన్నాడు. తన ఆలోచన వ్యుత్పత్తి క్రీడపై ఆధారపడలేదని కూడా చెప్పుకున్నాడు. అయినా ఆ ప్రసంగానికి ఒప్పించే బలం చాలావరకు ఆ ప్రాచీనార్థం నుంచే వస్తుంది. ఇక్కడే చిక్కు ఉంది. ఈ పదానికి బంధువుగా భావించే గోథిక్ ‘థీహ్స్’కు ‘కాలం’ అని అర్థం. దీన్నిబట్టి ‘నియత సమయం’ అనేది ‘సభ’కంటే ముందటి అర్థమని పలువురు భాషాశాస్త్రవేత్తల ఊహ. ప్రాచీనతే సారానికి ప్రమాణమైతే సభ దగ్గర ఆగడానికి హేతువు లేదు. ఆగిన చోటు తత్త్వవేత్త ఎంపికే తప్ప భాష ఇచ్చిన తీర్పు కాదు.

4. ముగింపు

తెలుగు ‘సంగతి’ ఇందుకు మంచి పోలిక. సంస్కృతంలో ‘కలయిక’, ‘సంబంధం’ అనే అర్థాలున్న ఈ పదం తెలుగులో ‘విషయం’గా స్థిరపడింది. అంతమాత్రాన ప్రతి సంగతిలోనూ కలయికను వెదకం. వ్యుత్పత్తి పదం నడిచిన దారిని చూపుతుంది. వర్తమానార్థాన్ని నిర్ణయించేది ప్రయోగమే.