పండగ బల్ల మీద పులుపుదే పెద్దపీట

నవంబరు సగం గడిచేసరికి ఇక్కడ అమెరికాలో తెలుగు స్నేహితులు నన్నడిగే ప్రశ్న ఒకటే: "థాంక్స్‌గివింగ్ టర్కీకి ఏ వైన్ తెమ్మంటావు?" ఏటా నేను చెప్పేదీ ఒకటే. టర్కీ సంగతి తర్వాత, ముందు మీ బల్ల మీద పులుపు ఎంతుందో చెప్పండి.

టర్కీ సౌమ్యమైన మాంసం. దేని పక్కన పెడితే దానితో కలిసిపోతుంది. వైన్‌కి పరీక్ష పెట్టేవి దాని చుట్టూ ఉన్న గిన్నెలు. అమెరికన్ల ఇళ్లలో అది క్రాన్‌బెర్రీ సాస్. మన ఇళ్లలో అదే క్రాన్‌బెర్రీ పప్పులో పడుతుంది, ఎండుమిర్చి, ఇంగువ పోపుతో పచ్చడవుతుంది. పక్కనే పులిహోర, గోంగూర మాంసం, గారెలు. ఇంత పులుపూ కారమూ ఉన్న భోజనానికి టర్కీని మాత్రమే చూసి వైన్ తెస్తే ఎలా కుదురుతుంది?

వైన్ ఎంచేటప్పుడు చూడాల్సినవి మూడు. మొదటిది పులుపు. పుల్లటి ముద్ద తిన్నాక, అంతకన్నా పులుపు తక్కువున్న వైన్ చప్పగా తోస్తుంది. వైన్‌లోనూ దీటైన పులుపు ఉంటే రెండూ సర్దుకుని, ద్రాక్ష రుచి పైకి వస్తుంది. రెండోది వగరు. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ ఎర్ర వైన్‌లోకి టానిన్ దిగుతుంది. అది లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోరు ఎండినట్టవుతుంది. కొవ్వున్న మాంసంతో అది బాగుంటుంది గానీ, టర్కీ రొమ్ము ముక్క అసలే పొడి. మూడోది ఘాటు. ఆల్కహాలూ మిరపకారమూ నోట్లో ఒకే నరాలను తడతాయి కాబట్టి, ఘాటైన వైన్‌తో మంట చల్లారదు, ఇంకా రాజుకుంటుంది. అందుకే ఆల్కహాలు 14 శాతం దాటే కాలిఫోర్నియా నాపా లోయ ఎర్ర వైన్ కాబెర్నె సావిన్యో ఎంత ఖరీదైనదైనా ఆ రోజుకి వద్దంటాను.

నా మొదటి ఎంపిక తెల్ల వైన్ రీస్లింగ్. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, చల్లటి వాతావరణంలో, పలకరాతి వాలుల మీద నెమ్మదిగా పండే ఈ ద్రాక్ష తన పులుపును పోగొట్టుకోదు. లేత తీపి ఉండే అక్కడి కాబినెట్ రకంలో ఆల్కహాలు సాధారణంగా 8, 9 శాతమే. ఆ తీపి మిరపమంటను తగ్గిస్తుంది, పులుపు పచ్చడికి దీటుగా నిలబడుతుంది. అమెరికాదే కావాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ వైపు చూడండి. అక్కడి చలికి యూరప్ ద్రాక్ష బతకదని చాలామంది అనుకునే కాలంలో, ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన డాక్టర్ కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ చలికి ఓర్చే వేళ్ల మీద అంటుకట్టి దాన్ని బతికించారు. 1962లో ఆయన పెట్టిన వైనరీ నేటికీ నడుస్తోంది. చాలా రీస్లింగ్ సీసాల వెనక తీపి ఎంతో చూపే గీత ఉంటుంది. కారం ఎక్కువున్న ఇంటికి మధ్యస్థంగా తీపి ఉన్నది తీసుకోండి.

ఎరుపే కావాలనేవారికి ఫ్రాన్స్ నుంచి వచ్చే బోజొలే. అందులో వాడే గామే ద్రాక్షలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. ఆ ఏటి పంటతో చేసే బోజొలే నూవో నవంబరు మూడో గురువారం విడుదలవుతుంది, అంటే పండగకి సరిగ్గా వారం ముందు. గుత్తులను చితక్కొట్టకుండా కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచి పులియబెట్టడం వల్ల దానికి పండు వాసన దండిగా వస్తుంది. నాకు మాత్రం ఇంకాస్త నిండుతనం ఉన్న బోజొలే విలాజ్ ఇష్టం. గారెల వేళకి బుడగల వైన్ ఒకటి ఉంటే దాని పులుపు నూనెను కోస్తుంది. సీసా మీద "ఎక్స్‌ట్రా డ్రై" అని ఉంటే "బ్రూట్" కన్నా తియ్యన అని గుర్తుంచుకోండి.

750 మిల్లీలీటర్ల సీసాకి అయిదు గ్లాసులు వస్తాయి. తెల్లదాన్ని వడ్డనకు పావుగంట ముందు ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. బోజొలేని అరగంట ముందు లోపల పెట్టండి. గది వేడిలో ఉంచిన ఎర్ర వైన్‌లో ఆల్కహాలే ముందు తెలుస్తుంది.

ఇక తాగనివాళ్లు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు, పిల్లలు, కారు నడపాల్సినవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి ఊరుకోవడం నాకు నచ్చదు, తాగమని బలవంతపెట్టడం అంతకన్నా నచ్చదు. కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో 1868 నుంచి ఉన్న మార్టినెల్లి వాళ్ల బుడగల ఆపిల్ రసం తెచ్చి, అందరికీ పెట్టిన గ్లాసులోనే వాళ్లకీ పొయ్యండి. ఆపిల్‌లోనూ పచ్చడికి తోడు నిలిచేది ఆ పులుపే. కూర్చున్న ప్రతి ఒక్కరికీ ముద్దకి జతపడేది చేతికందితేనే ఆ ఇంట్లో వైన్ బాగా ఎంచినట్టు.