కంప్యూటరులోని కచేరి

కొత్త కంప్యూటరు ఇంటికి వచ్చిన తొలి దినములలో జరుగు పొరపాట్లన్నిటికిని కొన్నవారినే బాధ్యులను చేయుట వాడుకయైనది. "ఎక్కడ దాచితివో నీకే తెలియనపుడు యంత్రమేమి చేయును?" అని ఇంటిలో తెలిసినవారు మందలింతురు. నేర్పు పుస్తకములును ఇదే ధోరణిలో నడచును. ఫైలునకు ఇట్లు పేరు పెట్టుడు, ఫోల్డరులను అట్లు విభజింపుడు, నకలు తీసి ఉంచుకొనుడు అని అవి చెప్పును. ఆ ఉపదేశము తప్పు కాదు. కాని ఒకే పొరపాటును లక్షలమంది ఒకే తీరున చేయుచున్నపుడు అది చేయువారి లోపమా, చేయించు ఏర్పాటులోని లోపమా అని విచారింపక తప్పదు.

ఫైలు, ఫోల్డరు అను మాటలు కచేరీనుండి వచ్చినవి. ఒక ఫోల్డరులో మరియొకటి, దానిలో ఇంకొకటి చేరునట్లు వృక్షాకారముగా సమాచారమును అమర్చు పద్ధతిని 1965లో డేలీ, న్యూమన్ అను ఇరువురు మల్టిక్సు అను వ్యవస్థకొరకు వర్ణించిరి. వారి కాలమున తెరపై బొమ్మలు లేవు. 1981లో జిరాక్సు సంస్థవారి స్టార్ యంత్రము తెరనే బల్లగా చేసి, దానిపై కాగితములను, ఫోల్డరులను బొమ్మలుగా పేర్చి చూపెను. 1984లో మాకింటోషు, 1995లో విండోసు 95 ఆ బల్లను ఇంటింటికిని చేర్చినవి. ఈ ఉపమానము చేసిన మేలు చిన్నది కాదు. యంత్రభాష రాని గుమాస్తాకు, విద్యార్థికి అది ధైర్యమిచ్చినది. అయితే తెరమీది కచేరి అసలు కచేరీవలె నడుచుకొనని చోట్లు కొన్ని కలవు. కొత్తవారు జారిపడునది సరిగా అక్కడనే.

కచేరీలో ఒక కాగితమును ఈ కట్టనుండి తీసి ఆ కట్టలో పెట్టినచో అది మొదటి కట్టలో ఉండదు. విండోసులో ఆ మాట సగమే నిజము. ఒకే డ్రైవులోని రెండు ఫోల్డరుల మధ్య ఫైలును మౌసుతో లాగినచో అది జరుగును. అదే పనిని పెన్‌డ్రైవుమీదికి చేసినచో నకలు పుట్టును. చేతి కదలిక ఒక్కటే, ఫలితములు రెండు. డ్రైవు అనగా ఏమో ఇంకను తెలియనివాడు ఈ భేదమును ఎట్లు ఊహించును? ఒక విద్యార్థి తన ప్రాజెక్టు నివేదికను పెన్‌డ్రైవుమీదికి లాగి, కళాశాలలో దానిని దిద్ది, ఇంటికి వచ్చి కంప్యూటరులోని ప్రతిని మరల దిద్దుననుకొందము. ఇక రెండు నివేదికలు రెండు దారులు పట్టును. "చివరిది", "అసలు చివరిది", "సార్ చూచిన చివరిది" అను పేర్లుగల ఫైళ్లు వరుసగా కనబడిన ఫోల్డరును చూచి నవ్వుట సులభము. వాని పుట్టుకకు మూలము చాలవరకు ఆ లాగుటయే. పేరు తుదను 2024-03-09 అనునట్లు సంవత్సరము ముందుగా తేదీ వ్రాసినచో ఏది ముందో ఏది తరువాతో వరుసలోనే తెలియును. కాని అది మందు మాత్రమే. రోగము ఏర్పాటులో ఉన్నది.

చెత్తబుట్ట సంగతియు ఇట్టిదే. కంప్యూటరులోని ఫైలును తొలగించినచో అది బుట్టలోనికి పోవును, మరల తీసికొనవచ్చును. ఈ అభయమునకు అలవాటుపడినవాడు పెన్‌డ్రైవులోని ఫైలును అదే విధముగా తొలగించును. అది సాధారణముగా బుట్టలో పడదు. యంత్రము ఒక హెచ్చరిక చూపునన్న మాట నిజమే. కాని ప్రతి చిన్నపనికిని హెచ్చరిక చూపు యంత్రము హెచ్చరికను, దాని విలువను తానే పోగొట్టుకొన్నది.

ఇటీవలి యంత్రములలో మరియొక చిక్కు చేరినది. బల్లమీద కనబడునది బల్లమీద ఉండనక్కరలేదు. మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రారంభించిన కొత్త విండోసు యంత్రములో డెస్క్‌టాపు, డాక్యుమెంట్సు ఫోల్డరులు తరచుగా వన్‌డ్రైవు క్రిందికి చేరును. 2017నుండి వచ్చిన ఏర్పాటు ప్రకారము కొన్ని ఫైళ్ల పేర్లు మాత్రమే యంత్రమున నుండి, లోని విషయము దూరపు సర్వరులో ఉండవచ్చును. నెట్టు లేని ఊరిలో దానిని తెరువబోయినవానికి అట్ట దక్కును, కాగితములు దక్కవు. అంతకంటె ముఖ్యమైనది, ఇట్టి అనుసంధానమును భద్రపరచిన నకలుగా భావించుట. ఒకచోట తొలగించిన ఫైలు అన్నిచోట్లను తొలగిపోవును. సొంత ఖాతాలో దూరపు బుట్ట దానిని 30 దినములు నిలుపును, అంతే. విడిగా తీసి, తీగనుండి వేరుచేసి పెట్టిన హార్డుడిస్కుమీది ప్రతియే నకలు అనదగినది.

ఇవి కాలమును, శ్రమను హరించు లోపములు. ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చు తోకను దాచుట ఇంతకంటె పెద్ద తప్పు. ఆ తోక ఫైలు జాతిని తెలుపును. విండోసు దానిని మామూలుగా చూపదు. కొత్తవారిని కంగారు పెట్టకుండుటకని సమర్థింతురు. ఈ దయ ఫలితము 2000 మే నెలలో లోకమునకు తెలిసినది. ప్రేమలేఖ అను పేరుతో ఈమెయిలులో వచ్చిన ఒక ఫైలు చాలమందికి టీఎక్స్‌టీ అను తోకతో ముగిసినట్లు, అనగా ఉత్త వ్రాతవలె, కనబడెను. దాని అసలు తోక వీబీఎస్. అది ఆజ్ఞలను నడపు ప్రోగ్రాము. ఆ పురుగు కొద్దిదినములలోనే దేశదేశముల కంప్యూటరులను చుట్టి ఎన్నో ఫైళ్లను చెరచెను. అటుపిమ్మట ఇరువదియేండ్లు గడచినను విండోసు 11 కూడ తోకలను దాచియే ఇంటికి వచ్చుచున్నది. ఫైళ్ల కిటికీలో వ్యూ, అందు షో, అందు ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అను దానిని ఎంచుకొన్నచో అవి కనబడును. కొత్త యంత్రముపై చేయవలసిన మొదటి పని ఇదియే.

తోక కనబడినంత మాత్రమున చాలదు, దాని అర్థము తెలియవలెను. 2020 అక్టోబరులో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థవారి లెక్కలలో 15,841 కోవిడు కేసులు సకాలమున చేరలేదని బయటపడినది. పరీక్షల ఫలితములను ఎక్సెలు పాత జాతి ఫైలులోనికి, అనగా ఎక్స్‌ఎల్‌ఎస్ తోకగలదానిలోనికి, దింపుచుండిరి. ఆ జాతి పట్టికలో 65,536 వరుసలే పట్టును. తరువాతి జాతిలో 10,48,576 పట్టును. నిండిన పాత్రలో పోసిన నీరువలె మిగిలిన వరుసలు జారిపోయినవి. ఆ రోగులతో మెలగినవారికి కబురు చేరుట ఆలస్యమయ్యెను. అక్కడ పనిచేసినవారు కొత్తవారు కారు. ఫైలు జాతి అనగా పేరునకు అంటించిన తోక మాత్రమే కాదని, అది పాత్ర కొలత అని ఈ ఉదంతము చూపుచున్నది.

తెలుగులో పేరు పెట్టుకొనువారికి వేరొక సూక్ష్మము కలదు. విండోసు ఫైళ్ల కిటికీ ఫోల్డరుల పేర్లతో సహా మొత్తము దారి సుమారు 260 అక్షరములు దాటినచో మొరాయించును. మనుష్యునకు రెండక్షరములుగా కనబడు "లక్ష్మి" యంత్రమునకు ఏడు, ఏలయన గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకు వచ్చును. కావున ఫోల్డరులో ఫోల్డరు పెట్టి నిండు తెలుగు వాక్యములను పేర్లుగా ఉంచినవారు ఇతరులకంటె ముందుగా ఈ గోడకు తగులుదురు. ఇంకొకటి, అరుదే కాని విచిత్రము. ఐత్వమునకు యూనికోడులో ఒకే సంకేతము కలదు. ఎత్వమును, దాని క్రింది గుర్తును రెండు సంకేతములుగా వ్రాసినను అదే రూపము వచ్చును. ఇవి సమానములని యూనికోడు ప్రమాణమే చెప్పుచుండగా విండోసు వానిని వేరు పేర్లుగా ఎంచును. "వైద్యము" అను రెండు ఫైళ్లు ఒకే ఫోల్డరులో ప్రక్కప్రక్కన ఉండవచ్చును.

ఫోల్డరులే అక్కరలేదు, వెదకినచో దొరకునని వాదించువారు కలరు. ఫోనుతోనే పెరిగిన తరమునకు ఈ వాదము ఇంపుగా తోచును. మైక్రోసాఫ్టువారే విన్‌ఎఫ్‌ఎస్ అను పేరుతో అట్టి ఏర్పాటును 2003లో ప్రదర్శించి 2006లో విరమించిరి. వెదకుటకు పేరో, లోని మాటో జ్ఞాపకముండవలెను. "స్కాన్ 0007" అను బొమ్మగా దాచిన పట్టాదారు పాసుపుస్తకమును ఏ మాటతో వెదకుదురు? పాత అచ్చు పనుల ఫాంటులలో కూర్చిన తెలుగు పత్రములు కంటికి తెలుగే, యంత్రమునకు అర్థములేని గుర్తులు. తెలుగు మాటతో వెదకినచో అవి దొరకవు. వృక్షమునకు లోపములున్నను, ఏ కొమ్మకు ఏమి కట్టితిమో చూపు గుణము దానికి కలదు.

నిర్మాతలు దిద్దుకొనుట కష్టమా? ఆ లాగుట సంగతియే చూడవచ్చును. మౌసు ఎడమ మీటతో లాగినచో యంత్రము తనకు తోచినట్లు చేయును. కుడి మీటతో లాగి విడిచినచో ఇక్కడికి నకలు తీయుదునా, జరుపుదునా అని పట్టిక చూపి అడుగును. అడుగుట దానికి 1995నుండియే తెలియును.