నాట్యధర్మి అంచున మల్లయుద్ధం: మయెదా–ఫుజినామి పోరు (1986) – ఒక పరిశీలన

1986 జూన్ 12న ఒసాకాలో అకిరా మయెదా, తత్సుమి ఫుజినామిల మధ్య జరిగిన కుస్తీని ఆ యేటి ఉత్తమ పోటీగా ‘టోక్యో స్పోర్ట్స్’ పత్రిక ఎంపిక చేసింది. పది లెక్కించేలోగా ఇద్దరూ లేవలేకపోవడంతో అందులో విజేత తేలలేదు. గెలుపోటములు లేని పోరుకు అంతటి గుర్తింపు ఎందుకు దక్కిందన్న ప్రశ్నకు భరతుని నాట్యశాస్త్రం కొంత దారి చూపుతుంది.

వృత్తి కుస్తీలో ఫలితం ముందే నిర్ణయమై ఉంటుంది. తాళ్లకు తగిలి వెనక్కి దూసుకొచ్చే మల్లుడిని ప్రేక్షకుడు అంగీకరించడం నాట్యధర్మిని అంగీకరించడమే. 1984లో ఏర్పడిన యూ.డబ్ల్యు.ఎఫ్. సంస్థ ఈ సంకేతాలను చాలావరకు తొలగించింది. కాలిదెబ్బలు, కీళ్లపట్లు, లొంగిపోవడం లేదా పడిపోవడంతో ముగింపు - ‘షూట్ స్టైల్’ అంటే ఇదే. ఒప్పందం ఫలితానికే పరిమితం, దెబ్బకు బరువుంటుంది. లోకధర్మి వైపు జరిగినా ఇది నాట్యమే. దీనిని ‘నిజమైన పోరు’గా వర్ణించే అభిమానులు దాని కళను తక్కువ చేస్తున్నారు.

ఆ సంస్థ దాదాపు ఏడాదిన్నరకే మూతపడగా మయెదా న్యూ జపాన్ సంస్థకు తిరిగివచ్చాడు. పాత సంప్రదాయంలో ఆరితేరిన ఫుజినామి అతని తన్నులను తప్పించుకోజూడక ఒంటితో స్వీకరించాడు. గుండ్రంగా తిరిగి వేసిన ఒక తన్నుకు అతని కంటిపై చర్మం చిట్లి రక్తం కారింది. రంగస్థల యుద్ధానికి నాలుగు న్యాయాలు చెప్పిన భరతుడు, ప్రహారాన్ని సంజ్ఞగానే చూపాలనీ, ఛేదనం, రక్తస్రావం కూడదనీ నియమించాడు. ఇక్కడ ఆ నియమం భగ్నమైంది. అయినా రసభంగం కాలేదు. కారణం మయెదా కాలిలో కాదు, ఫుజినామి ఓర్పులో ఉంది. దెబ్బతిన్నవాడు ఆటను విడవకపోవడం వల్లనే ఆ రక్తం కథలో భాగమైంది. ఈ పోటీకి అసలు కర్త ఫుజినామి అనవచ్చు.

ఉత్తరాంధ్రకు ఈ సందిగ్ధత కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసు డేరాలో రొమ్ముపై ఏనుగును నిలిపాడు. విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉంది. డేరా, వాద్యాలు, ప్రకటనలు నాట్యధర్మి. ఏనుగు బరువు లోకధర్మి. (అచ్యుతాపురంలో 2022లో జపాను సంస్థ యొకొహామా టైర్ల కర్మాగారం ప్రారంభమైంది, ఆ దేశపు వస్తువులు చేరినంతగా ప్రదర్శనకళలు మన పరిశోధనలోకి చేరలేదు.) అయితే రామమూర్తి పణంగా పెట్టింది తన దేహాన్నే. కుస్తీలో పణమయ్యేది ఎదుటివాని దేహం కూడా.

షూట్ స్టైల్‌ను అంచనా వేయవలసింది ఈ భేదం దగ్గరే. 1987 నవంబరులో మరొకరికి పట్టు వేసి ఉన్న రికి చోషూ ముఖంపై మయెదా వెనుకనుంచి తన్నగా కంటిగూటి ఎముక విరిగింది. కాలు అదే, బలమూ అదే. ఒసాకాలో ఫుజినామి ఆ కాలును చూస్తూ నిలబడ్డాడు. చోషూకు ఆ అవకాశం దక్కలేదు. క్షేమేంద్రుని మాటలో చెప్పాలంటే మొదటిది ఔచిత్యం, రెండవది దాని లోపం. సంస్థ మయెదాను తొలగించింది. 1988లో అతడు యూ.డబ్ల్యు.ఎఫ్.ను మళ్లీ ప్రారంభించాడు. ప్రేక్షకులు పెద్దసంఖ్యలో అతని వెంట వెళ్లారు.