చేతుల కంటే ముందు మనసు: ఓరిజెన్ నేర్పిన ప్రార్థన సన్నాహం

రాయపూర్‌లోని భన్‌పురి పారిశ్రామిక వాడలో రాత్రి షిఫ్టు దిగి గదికి చేరిన మనిషికి ప్రార్థన మొదలుపెట్టడమే కష్టం. ఒళ్లు అలసిపోయి ఉంటుంది, చెవుల్లో యంత్రాల హోరు ఆగదు, సూపర్‌వైజరు అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంటుంది. మోకాళ్లూనినా మనసు షెడ్డులోనే తిరుగుతుంది. దాదాపు 1,800 ఏళ్ల కిందట ఇలాంటి మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్. ప్రార్థన గురించి ఆయన గ్రీకులో రాసిన గ్రంథాన్ని తెలుగు విశ్వాసులు తెలుసుకోవాలి.

క్రీ.శ. 185 ప్రాంతంలో అలెక్సంద్రియలో పుట్టిన ఓరిజెన్, తండ్రి హతసాక్షి అయ్యేనాటికి ఇంకా కుర్రవాడే. తర్వాత పాలస్తీనాలోని కైసరయలో స్థిరపడి, 233-234 ప్రాంతంలో అంబ్రోసు, తతియానా అనే ఇద్దరు విశ్వాసుల కోసం ఈ గ్రంథం రాశాడు. దేవునికి అన్నీ ముందే తెలిస్తే అడగడం ఎందుకన్న ప్రశ్నకు ముందు జవాబిచ్చి, ప్రభువు నేర్పిన ప్రార్థనను మధ్యలో వివరించి, 31వ అధ్యాయంలో మనిషి దేహానికీ మనసుకీ వస్తాడు. ఆయన పనితనం నిండుగా కనిపించేది అక్కడే.

ముందు క్రమం చూడండి. ప్రార్థనకు వచ్చినవాడు కాసేపు ఆగి తనను తాను కూడగట్టుకోవాలి. చేతులు చాచేముందు ఆత్మ చాచుకోవాలి, కళ్లెత్తేముందు బుద్ధి పైకి లేవాలి. పగ కూడా అక్కడే దిగిపోవాలి. తన తప్పులను దేవుడు ఎంతగా మరచిపోవాలని కోరుకుంటాడో, ఎదుటివాడి తప్పును తానూ అంతగా మరచిపోవాలి. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని యేసు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో చెప్పింది కూడా ఇదే వరస.

ఆ తర్వాతే శరీరం. చేతులు చాచి, కళ్లు పైకెత్తి నిలబడడం మేలంటాడు, ఆత్మ ఉండాల్సిన తీరుకు దేహం రూపమిస్తుంది కనుక. పాపాలు ఒప్పుకుని క్షమాపణ అడిగేటప్పుడు మోకరించాలి. ఇంత కచ్చితంగా నియమం పెట్టినవాడు మినహాయింపులూ అంతే శ్రద్ధగా రాశాడు. పాదాల జబ్బు ఉంటే కూర్చోవచ్చు, జ్వరమొస్తే పడుకునే ప్రార్థించవచ్చు. ఓడ ప్రయాణంలోనో, పని వదిలి పక్కకు వెళ్లే వీల్లేనప్పుడో, ప్రార్థిస్తున్నట్టు పైకి కనిపించకుండానే ప్రార్థించవచ్చు. మిషను ముందు నిలబడ్డ కార్మికుడికి ఇంతకంటే దయగల మాట ఏముంటుంది?

స్థలం విషయంలోనూ అంతే. ప్రతి చోటూ ప్రార్థనకు తగినదే. అయినా వీలుంటే ఇంట్లో ఒక చోటు దానికే కేటాయించుకోమంటాడు. ఇంటి తలుపులు అందమైన దృశ్యం వైపు తెరుచుకున్నా, గోడే ఎదురైనా సరే, తూర్పుకే తిరగమంటాడు. ఒక్క గదిలో కాపురముండే కుటుంబానికీ ఇది సాధ్యమే, ఒక మూల, ఒక చాప చాలు.

మన సంఘాల్లో చెప్పులు గుమ్మం బయట విడవడం, స్త్రీలు కొంగు తలమీదికి తీసుకోవడం ఇలాంటి సన్నాహాలే. 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషనులో దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికి పెద్ద చోటుంది. అలవాటులో పడి ఇవి వట్టి లాంఛనాలు కాకుండా చూసుకోవడానికి ఓరిజెన్ చెప్పిన వరస పనికొస్తుంది.

ఆయన ఇతర బోధల్లో కొన్నింటిని తర్వాతి సంఘం తిరస్కరించింది, కానీ ఈ గ్రంథం విలువ తగ్గలేదు. 250లో డెసియస్ చక్రవర్తి హింసాకాలంలో ఓరిజెన్‌ను చెరలో వేసి, కాళ్లకు బొండ బిగించి బాధించారు. ఆయన విశ్వాసం వదలలేదు. పాదాలు నొచ్చినవాడు కూర్చుని ప్రార్థించవచ్చని అంతకు ముందే రాసిపెట్టినవాడు ఆయన.

కాబట్టి ఈసారి మోకరించే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరిమీద కోపం ఉందో గుర్తుచేసుకుని దాన్ని దించేయండి. ఒళ్లు సహకరించకపోతే కూర్చోండి, అదీ కుదరకపోతే పడుకునే అడగండి. మనసు ముందు నడిస్తే, దేహం ఏ స్థితిలో ఉన్నా అది ప్రార్థనే.